అంగడి శీను ఒక పక్కన నిలబడిన రోజు

శీను పోయాడు.

నిన్న పొద్దున ఆఫీసుకు బయల్దేరుతుంటే ఊరి నుంచి తమ్ముడి ఫోన్. అంగడి షట్టర్ తీసి, స్టూలు మీద కూర్చుని, నీళ్ళు అడిగాడట. వాళ్ళావిడ పద్మ చెంబు తెచ్చేలోపే అంతా అయిపోయింది. హార్ట్ అటాక్.

నేను నమ్మలేదు. ముందురోజే వాట్సాప్ స్టేటస్ పెట్టాడు, కొత్త చింతపండు వచ్చిందని. "కర్నూలుకు పార్సిల్ పంపుతావా లేదా" అని మెసేజ్ పెడితే థంబ్స్ అప్ కొట్టాడు.

ఫోన్ పట్టుకుని మెట్ల మీదే కూర్చుండిపోయాను.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. శీనూ నేనూ ఒకే ఊరివాళ్ళం, ఒంటిమిట్ట దగ్గర. మాది సేద్యం. వాళ్ళది ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క పెద్ద కిరాణా అంగడి. డిగ్రీ ఫస్టియర్‌లో కడపకు ఇద్దరిదీ ఒకే బస్సు, ఒకే క్లాసు.

ఇంగ్లిష్ కాంపోజిషన్ అని ఒక పేపర్ ఉండేది. ఎస్సే రాయడం నేర్పేవాళ్ళు. మేమంతా గైడ్ బ్యాచ్. ఏ టాపిక్ ఇచ్చినా సరే, లాభాలు ఒక పేరా, నష్టాలు ఒక పేరా, చివర్లో "ఏదైనా మితంగా ఉంటేనే మంచిది". సెల్‌ఫోన్ గురించి అయినా అంతే, సినిమాల గురించి అయినా అంతే.

మేడమ్ ఆ పేపర్లన్నీ తిరిగిచ్చేసింది. "మొదటి పేరాలోనే మీరేమంటారో చెప్పండి. తర్వాత కారణాలు రాయండి. ఎదుటివాళ్ళ మాట కూడా నిజాయితీగా రాసి, దానికి జవాబివ్వండి" అంది.

మేం తిప్పలు పడి నేర్చుకున్నాం.

శీను వల్ల మాత్రం కాలేదు. అక్షరాలు ముత్యాలే. కానీ సగం పేజీ అటు, సగం పేజీ ఇటు, తక్కెడలో తూచినట్టు. చివర్న "ఇద్దరిదీ కరెక్టే".

"అన్నీ ఉన్నాయి గానీ, ఇందులో నువ్వెక్కడున్నావు?" అని అడిగింది మేడమ్.

వాడు లేచి నిలబడ్డాడు. "మాది అంగడి మేడమ్. మా ఊర్లో రెండు వర్గాలుండాయి. ఇద్దురూ మా దగ్గరే బియ్యం కొంటారు. ఎవురి పక్కా మాట్లాడొద్దని మా నాయన చిన్నప్పట్నించీ చెప్పినాడు."

క్లాసంతా ఘొల్లుమంది. మేడమ్ నవ్వలేదు. "మీ నాన్న చెప్పింది అంగడికి సరే. కాగితం దగ్గర ఆ భయం వద్దు. కాగితం నీ దగ్గర బియ్యం కొనదు కదా" అంది.

అప్పటి నుంచి రోజూ బస్సులో వాడికి నేనే ట్రైనింగ్. కడప కారం దోసె గొప్పదా, కర్నూలు ఉగ్గాని గొప్పదా, ఏదో ఒకటి చెప్పరా అంటే వాడికి చెమటలు పట్టేవి.

"దోసే లే మే. మెల్లగా మాట్లాడు, కండక్టరుది కర్నూలు."

అట్లాంటివాడు శీను.

ఫస్టియర్ అయిపోతుండగా మా అమ్మకు నడుము పట్టేసి మంచాన పడింది. ఇంట్లో ఆడదిక్కు కావాలి, చదువు ఇక చాలు అన్నాడు నాయన. ఊళ్ళో ఒక వర్గానికి ఆయనే పెద్ద, ఇంట్లో ఎవరు ఎదురు చెబుతారు? పుస్తకాలు అటకెక్కించాను.

నేను బస్సులో కనిపించకపోయేసరికి శీను ఇంటికొచ్చాడు. ఉతికిన చొక్కా, నూనె రాసిన తల. వసారాలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నేను వంటింటి తలుపు వెనక ఉన్నాను.

"పెదనాయనా, సుజాత సదువు ఆపేది తప్పు."

మొదటి మాటే అది.

"పెద్దమ్మకు బాగలేదు, ఇంట్లో ఒకరు ఉండాల్సిందే. మీరు చెప్పేది అబద్ధం గాదు. కానీ పెద్దమ్మకు ఆర్నెల్లకు నయమైతాది. సదువు ఒకసారి ఆగితే మళ్ళా సాగదు. రాజంపేటలో మీ చెల్లెలు ఒక్కతే ఉండాది గదా, ఆయమ్మను పిలిపించుకోండి."

నాయన వాడి వైపు తిరిగాడు. "ఏమప్పా, ఎవురు నేర్పినారు నీకు ఇట్ల మాట్లాడేది?"

"కాలేజీలో, పెదనాయనా."

వాడు ఒక్క మాట వెనక్కు తీసుకోలేదు. మీదీ కరెక్టే, ఆమెదీ కరెక్టే అనలేదు.

"ఇంక పో" అన్నాడు నాయన.

కొన్నాళ్ళకు మా మేనత్త రాజంపేట నుంచి పెట్టెతో దిగింది. నేను మళ్ళీ బస్సెక్కాను. నాయన ఆ సంగతే ఎత్తలేదు. కానీ ఆ ఏడాదంతా మా ఇంటికి సరుకులు శీను అంగడి నుంచి కాకుండా ఒంటిమిట్ట నుంచి వచ్చాయి. మమ్మల్ని చూసి మా వర్గంవాళ్ళు ఇంకొందరు ఆ అంగడి మానేశారు. అంతా నీ వల్లేనని వాళ్ళ నాయన వాడితో మాట్లాడడం మానేశాడు.

బస్సులో నేను ఏడిస్తే వాడే ఓదార్చాడు. "బేరాలు వస్తాంటాయి, పోతాంటాయి మే. నువ్వు బస్సు మాత్రం మిస్ గాకు."

ఈ రోజు కర్నూలులో నాకొక ఉద్యోగం ఉందంటే, నా కాళ్ళ మీద నేను నిలబడ్డానంటే అది శీను పుణ్యమే. ఆ మాటంటే కొట్టిపారేసేవాడు.

నిన్న సాయంత్రం నేను ఊరు చేరేసరికి మా నాయన శీను అంగడి అరుగు మీద ఉన్నాడు. పొద్దుటి నుంచీ అక్కడే ఉన్నాడట, అన్నం కూడా ముట్టలేదట. చుట్టూ రెండు వర్గాలవాళ్ళూ ఉన్నారు. అందరి ముందరా మా నాయన, శీను వాళ్ళ నాయన చెయ్యి పట్టుకుని అన్నాడు.

"నా ఇంట్లో నిలబడి, నాది తప్పని నా మొగానే చెప్పినోడు నీ కొడుకొక్కడే శెట్టీ. వాడు చెప్పిందే నిజం. ఈ మాట వాడు బతికుండంగా నేను అనల్యా."

ఇన్నేళ్ళకు అన్నాడు నాయన. వినాల్సినవాడు లోపల చాప మీద పడుకుని ఉన్నాడు.

నేను విన్నాను శీనా. ఊరంతా విన్నది.

ఇంక పోయిరా శీనా. ఎక్కడున్నా చల్లగా, నెమ్మదిగా ఉండు. పద్మకూ పాపకూ మేమున్నాం.