నీటికొట్టు తలుపు

ఆ పాత రేవు కోటను చూపించే గైడును అందరూ గుండీలమ్మ అంటారు. ఇరవై రెండేళ్లుగా అదే పని. కోట అడుగున, ఒకప్పుడు ఖైదీలను పెట్టిన రెండు గదుల నీటికొట్టు ఉంది. సముద్రం పోటెత్తితే అందులోకి నిలువెత్తు నీళ్లొస్తాయి. అందుకని చూడవచ్చినవాళ్లు లోపలికి వెళ్లేటప్పుడు టికెట్టు చూసి తలకో చొక్కా గుండీ ఎడమ జేబులో వేసుకుంటుంది, బయటికొచ్చేటప్పుడు ఒక్కొక్కటే కుడి జేబులోకి మారుస్తుంది. ఎడమ జేబు ఖాళీ అయితేనే తలుపుకు గడియ. తన గుండీలు తప్పవని ఆవిడకు కాస్త గీర కూడా ఉంది. ఉంటే ఉందిలెండి, ఇన్నేళ్లలో ఒక్క ప్రాణం పోలేదు.

గడియ పెట్టాక అక్కడే నిలబడి ఖైదీల కథ ఎత్తుకుంటుంది. పోటుకు లోపలి దుంగలు తేలి తలుపుకు తగులుతాయి. "విన్నారా, వాళ్లింకా తలుపు కొడుతూనే ఉన్నారు" అంటుంది. జనానికి ఒళ్లు జలదరిస్తుంది.

ఆ మధ్యాహ్నం ఇరవై ముగ్గురు వెళ్లారు, ఇరవై ముగ్గురు వచ్చారు. కథ సగంలో ఉండగానే తలుపు మీద దబదబా చప్పుడు. రోజూ కంటే ముందే, రోజూ కంటే గట్టిగా. గుండీలమ్మ పొంగిపోయింది.

"ఇవాళ వాళ్లకి బాగా కోపమొచ్చినట్టుంది" అంది.

జనం నవ్వి చప్పట్లు కొట్టారు. మళ్లీ చప్పుడు, మళ్లీ చప్పట్లు.

గుంపును పైన మ్యూజియం గదిలో వదిలి గేటు దగ్గరికొస్తే కాపలాదారు పలకరించాడు.

"గొంతు మాత్రలు అందాయా అక్కా?"

"ఏ మాత్రలు?"

"బావగారు తెచ్చారుగా. నువ్వు కింద ఉన్నావంటే దిగారు. ఇంటి మనిషికి టికెట్టేంటని నేనే పంపించేశా."

గుండీలమ్మకు పైప్రాణాలు పైనే పోయాయి. టికెట్టు లేని మనిషికి గుండీ లేదు. తను ఒక గదిలో గుంపుకు గోడ మీది గీతలు చూపిస్తుంటే, మొగుడు రెండో గదిలో తన కోసం వెతుకుతూ ఉండిపోయాడు. తలుపు కొట్టింది దుంగలు కాదు.

పడుతూ లేస్తూ మెట్లు దిగింది. నీళ్లు మోకాలి లోతే ఉండాలని ఎరిగిన దేవుళ్లందరికీ మొక్కుకుంది. కింద చప్పుడు లేదు. నీటి బరువుకు గడియ బిగుసుకుపోయింది. వెనకే వచ్చిన కాపలాదారు సుత్తితో నాలుగు దెబ్బలు వేస్తే గానీ ఊడలేదు. ఊడగానే నీళ్లు తలుపును నెట్టుకొచ్చి ఇద్దరినీ మెట్ల మీద పడేశాయి.

ఆయన తలుపు లోపలి ఇనుప కడ్డీకి వేలాడుతున్నాడు. పెదాలు నీలంగా ఉన్నాయి. పిడికిళ్ల మీద చర్మం లేదు. ఆవిడ ఆయన్ని కావలించుకుని బావురుమంది. ఆయన చాలాసేపు దగ్గి, పళ్లు టకటకలాడుతుండగా అడిగాడు.

"అరిస్తే వినపడదని తలుపు కొట్టానే. కొట్టినప్పుడల్లా అవతల చప్పట్లు వినిపించాయి. ఎవరు వాళ్లు?"

ఇది జరిగి నాలుగేళ్లయింది. ఆయన ఇంకా అడుగుతూనే ఉన్నాడు.