ఆ పెట్టెకు ఇంకో దారి లేదు

విమానంలో మనం కూర్చున్నప్పుడు కాళ్ల పక్కన, గోడ కింది అంచున కొన్ని పలకలుంటాయి. వాటిని ఎవరూ పట్టించుకోరు. కింద సామాన్లు పెట్టే గది తలుపు గాల్లో ఊడిపోతే అక్కడి గాలంతా ఒక్క క్షణంలో బయటికి పోతుంది. పైన మనుషులున్న చోట మాత్రం గాలి అట్లాగే నిండి ఉంటుంది. ఆ ఒత్తిడికి మధ్యలో ఉన్న నేల విరిగి కిందికి కూలిపోగలదు. అట్లా కాకుండా ఆ పలకలు తటాలున తెరుచుకుని పైగాలిని కిందికి వదలాలి. వాటిని గీయడమే నా ఉద్యోగం.

పులివెందులలో ఇంజనీరింగ్ చదివి బెంగళూరులో ఒక చిన్న కంపెనీలో చేరాను. కరోనా రెండో ఏడు ల్యాప్‌టాప్ పట్టుకుని ప్రొద్దుటూరు ఇంటికి వచ్చేశాను. అప్పటికి నా బుర్రనిండా ఒకటే ఆలోచన. పాత పలకలో స్ప్రింగులు, గొళ్లేలు, కీళ్లు, ఇట్లా ఎన్నో ముక్కలు. వాటిలో ఏ ఒక్కటి పట్టేసినా పలక తెరుచుకోదు. అవన్నీ తీసేసి ఒకే రేకుతో చేయాలని నా పట్టుదల. రేకు చుట్టూ సన్నటి చీలిక కోసి, మూడుచోట్ల మాత్రం వెంట్రుకంత వెడల్పున అతికి ఉండనిస్తే చాలు. ఎవరి కాలైనా తగిలితే ఊడదు, గాలి నెడితే తెగుతుంది.

లెక్కలు సరిపోయాయి. కానీ కంపెనీ ల్యాబు మూసేశారు. పరీక్ష చేయకుండా నా మాట ఎవరు వింటారు?

దువ్వూరు పోయే రోడ్డు మీద ఒకాయన రేకు పని షెడ్డు పెట్టుకున్నాడు. పెద్దముడియం మనిషి. కువైట్‌లో పన్నెండేళ్లు ఏసీ గాలిగొట్టాలు చేసి, అక్కడ పని పోయి వచ్చినాయన. నా బొమ్మ చూసి, రేకును గోటితో మీటి, "ఇంతేనా పాపా? ఇన్నేండ్లూ ఇది ఎవురికీ తోచలేదా?" అన్నాడు. ఆ మాటతో ఆయన నాకు నచ్చేశాడు. నేను అన్నా అని పిలిచేదాన్ని.

ఛాతీ ఎత్తు ఇనుప పెట్టె చేశాడు. ఒక వైపు పలక బిగించాలి. ఇంకో వైపు లోపల చూసేదానికి ప్లాస్టిక్ అద్దం. కంప్రెసర్ నుంచి గాలి వదిలితే లోపల ఒత్తిడి పెరిగి పలక తెరుచుకోవాలి. నా మొదటి బొమ్మలో పెట్టె పైన ఒక మూత కూడా ఉంది. ఒత్తిడి మరీ ఎక్కువైతే దానంతట అదే లేచే మూత. కానీ దాని అంచుల్లోంచి గాలి కారి మీటరు ముల్లు నిలబడేది కాదు. రెండు రోజులు విసిగిపోయి ఆ మూత మీద గీత కొట్టేశాను. కంత పూడ్చేయమన్నాను.

"మరి గాలి పోనీకి ఇంకో దారి యాడుంది పాపా?" అన్నాడు.

"పలకే దారి కదన్నా. అది తెరుచుకునేదానికే కదా ఇదంతా."

ఆయన ఆ కంత చుట్టూ ఒకసారి వేలితో తడిమాడు. తర్వాత కంత మీద రేకు ముక్క పెట్టి రివెట్లు కొట్టేశాడు.

మొదటి రోజు మూడు పలకలు బిగించాం. మూడూ నేను రాసుకున్న అంకె దగ్గరే టప్పుమని తెరుచుకున్నాయి. ఆయన చప్పట్లు కొట్టి నవ్వాడు. బెంగళూరులోని మా పైఅధికారికి వీడియో పంపితే, విమానంలో పలకకు రంగు వేసి ఉంటుంది కాబట్టి రంగు వేసింది కూడా చూడమన్నాడు. అన్నే బ్రష్షు తీసుకుని శ్రద్ధగా రెండు పూతలు వేసి ఎండలో పెట్టాడు.

మరుసటి రోజు పొద్దున గాలి వదిలాం. ముల్లు నా అంకె దాటింది. పలక కదల్లేదు.

"ఇంకొంచెం వదులన్నా" అన్నాను.

వదిలాడు. ముల్లు ఇంకా పైకి పోయింది. "ఏంది ఇది, పట్టుకున్యాదే" అంటూ ఆయన వంగి అద్దంలోకి చూశాడు. నేనూ పలక వైపే చూస్తున్నాను. ఆపమని నా నోట రాలేదు. అద్దం పగిలిన చప్పుడు ఎట్లా ఉందో నాకు ఇప్పటికీ గుర్తు లేదు. ఆయన రెండు చేతులూ మొహం మీద పెట్టుకుని కింద కూర్చోవడం, వేళ్ల సందుల్లోంచి నెత్తురు రావడం మాత్రమే గుర్తు.

ప్రొద్దుటూరు డాక్టరు కట్టు కట్టి కర్నూలు పంపించాడు. కరోనా రోగులతో నిండిపోయిన ఆసుపత్రిలో మంచం దొరికేసరికి సాయంత్రమైంది. కుడికన్ను తీసేశారు.

పైఅధికారికి ఫోన్ చేశాను. "అది మన ల్యాబు కాదు కదా? నువ్వు మెయిల్లో ఏమీ రాయలేదు కదా? ఇంక రాయొద్దు" అన్నాడు. నేను రాయలేదు.

మూడో రోజు మంచం పక్కన నిలబడితే ఆయన నా గొంతు గుర్తుపట్టాడు.

"పలక ఎందుకు తెరుచుకోల్యా పాపా?"

"రంగు చీలికలోకి దిగి గట్టిపడిందన్నా."

కంటి మీది కట్టును వేళ్లతో తడుముకున్నాడు. తర్వాత మెల్లగా, "నేనే కదా పూసింది. శానా మందంగా పూసినా" అన్నాడు.

అప్పుడు చెప్పాల్సింది. రంగు ఎంత మందంగా ఉన్నా, ఆ మూత ఉండి ఉంటే అద్దం పగిలేది కాదని చెప్పాల్సింది. నోరు తెరిచాను కూడా. నర్సు వచ్చింది, నేను పక్కకు జరిగాను. తప్పు తనదేనని అనుకుంటూనే ఆయన ఇల్లు చేరాడు.

నెలన్నర పట్టింది నాకు. జమ్మలమడుగులో బస్సు మారి పెద్దముడియం పోయాను. ఆయన వసారాలో కూర్చుని ఉన్నాడు, భార్య వాకిట్లో బియ్యం ఏరుతోంది. నిలబడే చెప్పేశాను. మూత తీయించింది నేను, ఇంకొంచెం వదలమన్నదీ నేను, నీ రంగుది కాదు తప్పు అని.

ఆయన తల ఊపాడు. "నాకు తెల్సు పాపా. కంత పూడ్సేటప్పుడే అనుకున్యా. సదువుకున్న పిల్ల చెప్తాంది కదా అని ఊరుకున్యా."

ఆమె చాట కింద పెట్టి ఆయన్ని ఉర్దూలో ఏదో అడిగింది. ఆమె నా వైపు తిరిగి తెలుగులో అంది: "ఈ నెలన్నరా ఈ మనిషి నా తప్పే, నా తప్పే అని తల కొట్టుకుంటాంటే యాడ ఉన్నావమ్మా నువ్వు? లేచి పో." నేను కూర్చోనే లేదు. అయినా ఆమె అట్లాగే అంది.

ల్యాబు తెరిచాక నా పలకను వాళ్ల పెట్టెలో పరీక్షించారు. చీలిక కొంచెం వెడల్పు చేశాం. పలక ఆమోదం పొందింది, నాకు ప్రమోషన్ వచ్చింది. తయారీ కాగితాల్లో ఒక వాక్యం చేరింది: రంగు వేసే ముందు చీలికను టేపుతో మూయాలి. అది ఎందుకు చేరిందో నన్ను ఎవరూ అడగలేదు.

ఆయన ఒంటికన్నుతో కొలతలు తప్పుతున్నాయని షెడ్డు వదిలేశాడు. బావమరిది పులివెందులలో మోటారు సామాన్ల అంగడి పెడితే అక్కడ కౌంటర్లో నిలబడుతున్నాడు. పోయిన ఏడు వెతుక్కుంటూ పోయాను. నల్లద్దాలు పెట్టుకున్నాడు. టీ తెప్పించాడు. పలక సంగతి ఆయనే అడిగాడు. విమానాల్లోకి ఎక్కిందని చెప్తే, "ఎక్కిందా? ఒకటే రేకుతోనే?" అని రెండుసార్లు అడిగాడు. ఆ మొహంలో సంతోషం కనిపించి నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

లేచేటప్పుడు రోడ్డుదాకా వచ్చాడు.

"ఇంగ రావద్దు పాపా. నీ మీద కోపం ల్యా. నువ్వొచ్చి పోయినావని తెలిస్తే మా ఇంట్లో మూడు దినాలు మాటలుండవు."

సరేనన్నా అన్నాను. ఆయన అంగట్లోకి తిరిగి పోయేటప్పుడు కుడివైపు నిలబెట్టిన మోటారుసైకిలు అద్దం మోచేతికి తగిలింది. ఆగి, చేత్తో తడిమి, దాన్ని సరిగ్గా తిప్పి లోపలికి పోయాడు.