ముసుగు కింద జొన్నచేను

ఖమ్రున్నీసాకు తెల్లారేది వేళ్లతోనే. కళ్లు తెరవకముందే గడ్డం తడుముకునేది. రాత్రికి రాత్రి మొలిచిన వెంట్రుకల్ని దారంతో లాగేసుకుంటే గానీ ప్రొద్దుటూరు వీధిలోకి, బురఖాలోనైనా, అడుగు పెట్టేది కాదు. నెలసరి ఏడాదికి రెండుసార్లు వస్తే గొప్ప. పిల్లల్లేరు. జమ్మలమడుగు ఆస్పత్రిలో డాక్టరమ్మ ఆమె నున్నటి ముఖం చూసి, "రక్తం మద్రాసుకు పంపి హార్మోన్లు ఎట్లుండాయో చూపిస్తాం. ఈసారి వెంట్రుకలు తీసేయకుండా రామ్మా, నేను చూడాల" అంది.

వారం తర్వాత బస్సులో పెన్న గాలి ముసుగు కిందికి దూరి ఆ వెంట్రుకల్ని మెల్లగా కదిలించింది. తన ముఖం మీద జొన్నచేను ఊగుతున్నట్టు కల. ఆస్పత్రిలో రక్తం తీసే గదికొచ్చాక మాత్రం ముసుగెత్తడానికి చెయ్యి రాలేదు. "ఎత్తుమ్మా, ఈడ ఉండేది మనమే కదా," అంటూ నర్సు యేసమ్మ ఆమె చేతికి రబ్బరు గొట్టం కట్టి, నరం వెతుకుతూ వంగింది. కిటికీ ఎండ నర్సు ముఖాన ఏటవాలుగా పడింది. గడ్డం మీద, పౌడరు అడుగున, ఆ పొద్దున గీసిన వెంట్రుకల నల్లటి మొనలు.

"నీకు గూడానా అక్కా?"

యేసమ్మ సిరంజి నిండా రక్తం తీసింది. సూది తీసి, దూది అదిమిపట్టి, "నా కాలంలో ఈ పరీచ్చ యాడిదమ్మా," అంది.

ఖమ్రున్నీసా రెండో చేత్తో ముసుగెత్తింది.