మొదటి ముద్ద

తమ్ముడికి నెత్తురు విరేచనాలు మొదలయ్యేసరికి మా ఇంట్లో అందరూ డాక్టర్లైపోయారు. మంచిర్యాల దగ్గర బొగ్గుగనుల కాలనీలో వాడి క్వార్టర్. వచ్చినవాళ్లంతా తలా ఒక కారణం చెప్పి, చాయ్ తాగి పోయేవారు. కారం తొక్కులు తిని వేడి చేసిందని చిన్నమ్మ, నల్లా నీళ్లు మంచివి కావని పక్కింటాయన, వేళ తప్పిన డ్యూటీలేనని వాడి దోస్తు.

నేను మాత్రం మందు పెట్టారన్నాను. మొగుణ్ణి గుప్పిట్లో ఉంచుకోవడానికి పెళ్లాం అన్నంలో ఏదో కలిపిందని మా దిక్కు ఆ మాటకు అర్థం. పెళ్లయి ఏడాది కాలేదు, వాడు అక్కనైన నాకు ఫోన్లు తగ్గించాడు. నాకు అదే సాక్ష్యం. మరదలు వింటుండగానే అనేశాను.

"గీమె చేతి కూడు తిన్నప్పటి సంది గిట్లయిండు."

ఆ పూట నుంచి మరదలు వాడి పళ్లెంలో మొదటి ముద్ద తను తిన్నాకే వాణ్ణి తిననిచ్చేది. నాటకాలని తిట్టాను. పాడు నోరు నాది!

మందు కక్కిస్తాడని పేరున్న ఒకాయన దగ్గరికి వాణ్ణి నేనే తీసుకుపోయాను. పసరు తాగి, కక్కి కక్కి సోలిపోయాడు. కడుపులోంచి పడ్డ మందు ఇదేనంటూ ఆయన ఏదో వెంట్రుకల ఉండ చూపిస్తే నమ్మాను. అట్లా నాలుగు నెలలు పోయాయి. చివరికి మరదలే మొండికేసి కరీంనగర్‌కు బయల్దేరదీసింది.

అక్కడ డాక్టరమ్మ గొట్టం వేసి చూసి, పెద్దపేగు నిండా పుండ్లన్నది. ఎందుకొచ్చిందని గట్టిగా అడిగాను. ఫలానా దానివల్లేనని ఎవరూ చెప్పలేరట. ఒంటిని కాపాడవలసిన శక్తే పేగు మీద తిరగబడుతుందట. అన్నంలో ఎవరో ఏదో కలిపితే వచ్చేది కాదట. కొన్ని కుటుంబాల్లో రక్తసంబంధీకులకు కూడా ఉంటుందంటూ అడిగింది.

"మీ ఇంట్ల ఇంకెవరికన్న గిట్ల ఉండెనా?"

బాపు గుర్తొచ్చాడు. తింటూ తింటూ చెంబు పట్టుకుని ఉరికేవాడు. నెత్తురంటిన ధోతులు అవ్వ చాటుగా ఉతికేది. మూలశంక అనుకున్నాం. చివరికి ఎముకల గూడై కన్నుమూశాడు.

"మా బాపుకు ఉండె," అన్నాను. మరదలు నా మొహం వైపు చూడలేదు.

తమ్ముడు బతికాడు, కానీ పెద్దపేగు తీసేశారు. ముందే తెచ్చి ఉంటే కోత తప్పేదేమో. ఆ పాపం నాదే. మరదలి చేతులు పట్టుకుని ఏడ్చాను. పోనియ్ అన్నది.

మొన్న వాళ్లింటికి పోతే పళ్లెంలో అన్నం, పప్పు వడ్డించింది. నేను చెయ్యి పెట్టబోతుంటే, నా పళ్లెంలోంచి ఒక ముద్ద తీసుకుని తిన్నది.

"అలవాటైపోయింది వదినె, తిను," అన్నది.