ముద్ద మందారాల తోటకు బోర్డు

మొన్న మా వీధిలో ఎవరో ముద్ద మందారం కుండీలు వరసగా పెట్టారు. చిన్నప్పుడు బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లలో మా పక్కింటి హెడ్డు గుమాస్తా గుర్తొచ్చి ముఖం తిప్పుకున్నాను.

ఎండాకాలం మాకు బిందెడు నీళ్లు దొరికేవి కావు. ఆయన మాత్రం ఇంజన్లకు పట్టే నీళ్లు మోయించి ముద్ద మందారాలు, ముద్ద గులాబీలు పెంచాడు. లోపలికి రావద్దని ఇంగ్లీషులో బోర్డు కట్టాడు. మేం పిల్లలం కంచె బయట నోళ్లు తెరుచుకుని నిలబడేవాళ్లం. తేనెటీగలు మాత్రం అంట్ల నీళ్లతో బతికే మా మునగచెట్టు మీదే ముసిరేవి.

ఒకరోజు ఆయన కంచె దగ్గరికొచ్చాడు. "రేపు దొర నా తోట చూడ్డానికొస్తన్నాడు. తేనెటీగలన్నీ మీ కాడే ఉంటన్నాయి, నా పువ్వుల మీద ఒక్కటీ వాలదు. ఆ మునగ కొట్టించీయండి."

"ఈగలు బోర్డు చూసి ఆగిపోతన్నాయా, మామ్మా?" అని మా నాయనమ్మని అడిగాను.

"ఆ పువ్వుల్లో ఏటుందే, రేకు మీద రేకే గానీ తేనేదీ," అంది ఆవిడ, ఆయనకు వినబడేలాగే. "ఓ మునగకొమ్మ పట్టికెల్లి పాతుకో, బాబూ."

దొర చూసే తోటలో మునగా అన్నట్టు మూతి ముడుచుకుని వెళ్లిపోయాడు.

తేనెటీగలకు ఆ బోర్డుతో పనే లేదు. బతిమాలి పిలిచినా వెళ్లేవి కావు. బోర్డు అవసరమైంది మాకే, ఏమీ లేని చోట నోళ్లు తెరుచుకుని నిలబడ్డ మనుషులకి.