తిమ్మక్క కూర్చున్న డేకిసా

తలకు దెబ్బ తగిలిన పిల్లను ఏం చేయాలో శిక్షణ పొందిన మనిషి ఆ హైస్కూల్లో ఒక్కరంటే ఒక్కరే. హెడ్మాస్టరు కాదు, ఆటల మాస్టరు దేవేంద్ర సారూ కాదు. మధ్యాహ్న భోజనం వండే తిమ్మక్క. నవ్వకండి, సంగతి వినండి.

కుందుర్పిలో డాక్టరమ్మ ఒకరోజు శిక్షణ పెట్టింది. సరిగ్గా ఆ రోజే దేవేంద్ర సారుకు ఓటర్ల జాబితా పని పడింది. బడి తరఫున ఎవరో ఒకరు వెళ్ళి సంతకం పెట్టాలి కదా. "తిమ్మక్కా, నువ్వు పోయి కూర్చోనిరా. మధ్యాహ్నం బువ్వ కూడా వాళ్ళే పెడతారు" అన్నాడు హెడ్మాస్టరు. ఇరవై ఏళ్ళుగా ఊరి పిల్లలకు వండిపెట్టే మనిషికి ఇంకొకరు వండింది కూర్చుని తినడమంటే చిన్న సంగతా! పెట్టెలోని చీర తీసి కట్టుకుని మరీ వెళ్ళింది. వెళ్ళింది భోజనానికేగానీ, డాక్టరమ్మ చెప్పింది ఒక్క ముక్క వదలకుండా వింది.

తిరిగొచ్చి చెప్పబోతే వినేదెవరు? ఉప్పు సరిపోయిందా అన్న మాట తప్ప ఆ బడిలో తిమ్మక్కను ఇంకేమీ అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

ఆర్నెల్లకు కళ్యాణదుర్గంలో రెండు రోజుల ఖోఖో పోటీలు వచ్చాయి. ఆడపిల్లల జట్టు పన్నెండుమంది. అందులో ప్రాణం పద్మప్రియ, వేరుశెనగ రైతు కదిరప్ప కూతురు, తొమ్మిదో తరగతి. దాన్ని పట్టుకోవడం గాలిని పట్టుకోవడమేనని పక్క మండలాల వాళ్ళు కూడా అనేవాళ్ళు. రెండో రోజు పిల్లలతోపాటు తిమ్మక్క కూడా ఆటో ఎక్కింది, పెద్ద డేకిసా నిండా చిత్రాన్నం, పాతిక ఉడకబెట్టిన గుడ్లతో.

సెమీఫైనల్లో పద్మప్రియ ఒకమ్మాయిని అందుకోబోయి స్తంభం దగ్గర దూకింది. కాలు జారి నుదురు స్తంభానికి టప్పున కొట్టుకుంది. క్షణం పడుకుని లేచింది. ఎవరో మొహాన నీళ్ళు చల్లారు. అందరూ చప్పట్లు కొట్టారు, ఆట సాగింది, జట్టు గెలిచింది. షామియానా వెనకాల గుడ్లు ఒలుస్తున్న తిమ్మక్కకు చప్పట్లే వినిపించాయి.

భోజనాల దగ్గర పద్మప్రియ అడిగింది. "తిమ్మక్కా, గుడ్లు తెచ్చినావా?"

"తేకుండా ఉంటానా? తిను."

తినింది. కాసేపటికి చేయి చాచింది. "తిమ్మక్కా, గుడ్లు తెచ్చినావా?"

పిల్లలు పకపకా నవ్వారు. ఇంకో రెండు ముద్దలు తిని మూడోసారి అదే ప్రశ్న. పిల్లలు పొట్టలు పట్టుకున్నారు. తిమ్మక్కకు మాత్రం గరిట చేతిలోనే ఆగిపోయింది.

"పొద్దున ఎవరిమీద గెలిచినారు పాపా?"

"బెళుగుప్పోళ్ళ మీద."

బెళుగుప్ప మీద గెలిచింది నిన్న. ఈ పొద్దు ఆడింది శెట్టూరుతో. నవ్వులు ఆగిపోయాయి. "ఇందాక స్తంభానికి తల కొట్టుకునింది తిమ్మక్కా" అంది ఒక పిల్ల. "తల నొస్తాందా?" అని తిమ్మక్క అడిగితే, "లే, నాకేం కాలే" అంటూనే ఎండకు కళ్ళు చికిలించింది.

తిమ్మక్క ఆ పిల్ల వీపుకు కట్టిన తొమ్మిదో నంబరు గుడ్డ ముడి విప్పి, ఖాళీ అయిన డేకిసాలో పడేసి, మూత పెట్టి, మూతమీద కూర్చుంది.

"ఈ పొద్దుకు దీని ఆట అయిపోయింది" అంది.

అమ్మో, ఎంత గోల! కూతురి ఆట చూడ్డానికి వచ్చిన కదిరప్ప ఉరికొచ్చాడు. "ఏం తిమ్మక్కా, ఏంటికిట్ల చేస్తాండావు? కొంచెం తల దిమ్మెక్కింది, అంతే. రెండు చెంబులు నీళ్ళు పోస్తే సర్దుకుంటాది. ఎద్దు తోసి నా తల పగిలినప్పుడు సాయంత్రానికి నేను మళ్ళా మడక పట్టి దున్నలేదా?"

"పట్టినావులేప్పా. ఆ పొద్దునుంచే చెప్పిందే మళ్ళా మళ్ళా చెప్తాండావు" అంది తిమ్మక్క.

దేవేంద్ర సారు దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు. "ఆ పాప లేకపోతే ఫైనలు పోతాది తిమ్మక్కా. మూడేండ్ల కష్టం."

"పోతే పోనీ సారూ. కప్పు వచ్చే ఏడు కూడా ఉంటాది. దీనికి తలకాయ ఒకటే ఉండాది. లోపల మెదడు అదిరింటాదంట. అది కుదురుకోకముందే ఇంకో దెబ్బ తగిలితే ప్రాణం మీదికొస్తాదంట. మెదడు అదరడానికి స్పృహ తప్పాల్సిన పని కూడా లేదంట. నేను కాదు, డాక్టరమ్మ చెప్పింది."

"నీకు వండేది తప్ప ఏం తెలుసు?" అని ఏడ్చింది పద్మప్రియ. ఆ మాట తిమ్మక్క గుండెల్లో గుచ్చుకుంది. ఒకవేళ తనదే పొరపాటైతే? ఊళ్ళో తలెత్తుకోగలదా? అయినా ఇంకాస్త బరువుగా కూర్చుంది.

దేవేంద్ర సారు డేకిసా వైపు చూశాడు, పిల్ల కళ్ళలోకి చూశాడు. "ఆ శిక్షణకు నేను పోవాల్సింది" అన్నాడు. జట్టులో అందరికంటే చిన్నదైన పద్మజను పిలిచి, "నువ్వు దిగు పాపా" అన్నాడు.

తిమ్మక్కా కదిరప్పా పిల్లను ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. డాక్టరు కళ్ళలో లైటు వేసి చూసి, నడిపించి, ప్రశ్నలడిగి, మెదడు అదిరిన మాట నిజమేనన్నాడు. వాంతులైనా, తలనొప్పి పెరిగినా, లేపితే లేవకుండా మగతగా ఉన్నా ఆ క్షణమే తీసుకురమ్మన్నాడు. రెండు రోజులు పూర్తి విశ్రాంతి, ఫోను వద్దు, ఆ తర్వాత మెట్టు మెట్టుగా ఆటలోకి. "ఈ పాపను ఆటలోంచి తీసినదెవరు? మంచి పని చేసినారు" అన్నాడు. కదిరప్ప బయటికి పోయి నిమ్మసోడా తెచ్చి తిమ్మక్క చేతిలో పెట్టాడు. అప్పుడే సారు ఫోను. ఒక్క పాయింటుతో ఓడారు.

ఊళ్ళో వేళాకోళానికి కొదవా? "కప్పును డేకిసాలో వేసి వండుకుని తినిందంట" అన్నారు. "ఉప్పు సరిపోయిందాప్పా?" అని తిమ్మక్క ఎదురడిగింది.

డాక్టరు రాసిచ్చిన మెట్లను ఆమె తన భాషలోకి మార్చుకుంది. నడక గంజి. మెల్లని పరుగు మెత్తన్నం. ఎవరినీ తగలకుండా ఆడడం పప్పన్నం. డాక్టరు మళ్ళీ చూసి సరేనన్నాకే పూర్తి ఆట, అది సంగటి ముద్ద. తలనొప్పి వస్తే ఒక మెట్టు కిందికి. మెత్తన్నం నాడు పద్మప్రియకు తల నొచ్చింది. దాచిపెట్టింది. కానీ ఆ మధ్యాహ్నం గుడ్డు వదిలేసింది, దొరికిపోయింది. "పద పద, మళ్ళా గంజికి పో" అంది తిమ్మక్క. పిల్ల ఉడుక్కుంది, తర్వాత నవ్వేసింది. పంతొమ్మిదో రోజు సంగటి ముద్ద వచ్చింది. ఆ సాయంత్రం పద్మప్రియ పరుగు చూసి బడంతా ఈలలు వేసింది, తిమ్మక్క కూడా వేసింది.

ఏడాది తిరిగింది. మళ్ళీ కళ్యాణదుర్గం, మళ్ళీ ఫైనలు. ఆట జోరుమీదుంది. ఉన్నట్టుండి, నిరుడు పద్మప్రియకు బదులు దిగిన పద్మజ గీత దాటి బయటికి నడిచొచ్చింది. నంబరు గుడ్డ విప్పి, ఖాళీ డేకిసా మూత తీసి, అందులో వేసింది.

"ఏమైందే?" అంది తిమ్మక్క కంగారుగా.

"ఇందాక మలుపులో ఎదురు జట్టు పాప మోచేయి తలకి తగిలింది తిమ్మక్కా. ఎవురూ చూళ్ళేదు. నాకే కొంచెం మబ్బుగా ఉండాది."

ఎవరూ చూడలేదు! తిమ్మక్కకు కళ్ళనీళ్ళు ఆగలేదు. పిల్ల మొహాన్ని రెండు చేతులతో పట్టుకుంది. "ఈ పొద్దు ఎన్ని గుడ్లు తెచ్చినాను, చెప్పు?"

"పాతిక. మనిషికి రెండు. మిగిలిండేది ఎవురికీ కనపడకుండా పద్మప్రియకి పెట్టినావు. నేను చూసినా."

గ్రౌండులో కేకలు మిన్నంటాయి. తమ జట్టు గెలిచిందని ఎవరో అరుస్తున్నారు. తిమ్మక్క అటు తిరగనైనా లేదు.

"ఒక్కటీ తప్పు లేకుండా చెప్పినావు" అంటూ డేకిసా మూత వేసి, దానిమీద కూర్చుని, పక్కకు జరిగి చోటిచ్చింది. "అయినా కూర్చో. ఆటో రానీ, ఆసుపత్రికి పోదాం."