పంజాగుట్టలో చుక్కాని డ్యూటీ

నేవీ వదిలాక నాకు పడిన చివరి పోస్టింగ్ పంజాగుట్ట. ఫ్లైఓవర్ పక్క సందు, రెండో అంతస్తు, లిఫ్ట్ లేదు. వేసవి. నల్గొండలో ఎరువుల కొట్టు తమ్ముడికి అప్పగించి, ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి వచ్చాను. కిట్ అంటే ఒక సంచి, రెండు జతల బట్టలు, షేవింగ్ సామాను.

పిలిచింది మేడమ్. మా కమాండర్ సార్ భార్య. సార్ ఓడ మీద చుక్కాని చక్రం పట్టింది నేనే. ఇప్పుడు సార్‌కు పక్షవాతం. కుడి చెయ్యి పడిపోయింది, మాట పోయింది. మనం చెప్పేది అర్థమవుతుంది, తిరిగి చెప్పలేరు.

ఆర్డర్లు గుమ్మంలోనే అందాయి. మేడమ్ కాకినాడ మనిషి, నెమ్మదిగా మాట్లాడతారు.

"పొద్దున వ్యాయామం. సాయంత్రం ఆట. ఆటలో మీరు ఆయన చెయ్యి అనుకోండి బాబూ. మాట వస్తే ఈ కొన్ని నెలల్లోనే రావాలంటున్నారు డాక్టరు గారు. నన్నొక్కసారి పేరు పెట్టి పిలిస్తే చాలు నాకు."

ఆట ఇద్దరిది. అట్ట మీద ఆరు మూలల గళ్ళు, అదే సముద్రం. తెరచాపల కాలం. మన కోరమాండల్ తీరంలో ఇంగ్లీషు ఓడలు, ఫ్రెంచి ఓడలు. గాలి ఎటు వీస్తుందో ఒక బాణం గుర్తు చెప్తుంది. గాలికి ఎదురెళ్తే ఓడ కదలదు. శత్రువుకు పక్క చూపిస్తేనే ఫిరంగులు పేలతాయి. దెబ్బ తగిలిందో లేదో పాచికలు తేలుస్తాయి.

ఎదుటి పక్షం ఖాదర్ భాయ్. అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల మధ్య వాచీల కొట్టు ఆయనది. ఏళ్ళ తరబడి సార్‌తో ఇదే ఆట. సార్ ఎప్పుడూ ఫ్రెంచి పక్షమే ఎందుకని అడిగాను.

"గెలిచినోళ్ళ దిక్కుండి గెలిస్తె ఏం మజా అంటుండె మీ సార్," అన్నాడు.

సార్ ఎడమ చేతి వేలితో ఓడ ఎటు తిరగాలో చూపిస్తారు. నేను ఆయన పక్కన కూర్చుని తిప్పుతాను. తిప్పే ముందు పైకి చెప్తాను: "పోర్ట్ టెన్, సార్." పోర్ట్ ఎడమ, స్టార్‌బోర్డ్ కుడి, పది డిగ్రీలు. ఎవరూ చెప్పమనలేదు. ఓడ మీద పద్ధతి అది. విన్న ఆర్డరు గట్టిగా తిరిగి చెప్పి గానీ చక్రం తిప్పకూడదు. తప్పు చెప్తే ఆఫీసరు ఆ క్షణమే దిద్దాలి, లేకపోతే ఓడ రాళ్ళ పాలవుతుంది.

వారాలు గడిచాయి. మాటలు నేర్పే అమ్మాయి వచ్చి యాపిల్ బొమ్మ, పిల్లి బొమ్మ చూపించేది. సార్ మొహం తిప్పుకునేవారు. ఒకసారి ఖాదర్ భాయ్ జాలిపడి కావాలనే ఓడిపోబోయాడు. సార్ పాచికలు కిందికి తోసేశారు.

"మాఫ్ చెయ్‌రి సార్. రేపటి సంది జర గూడ ఊకోను," అన్నాడు ఖాదర్ భాయ్. ఊరుకోలేదు కూడా. వరసగా ఓడించాడు.

ఒక సాయంత్రం కరెంటు పోయింది. ఉక్కపోతకు బల్లను బాల్కనీలోకి మార్చాం. చోటు చాలక నేను సార్‌కు ఎదురుగా కూర్చున్నాను. సార్ ఓడ ముక్కు నా వైపుంది. ఆయన వేలు చూపింది ఓడకు కుడి. అది నాకు ఎడమ. "పోర్ట్ టెన్, సార్," అన్నాను. ఓడ ఎడమ కుడులు ఓడవే గానీ మనిషివి కావు, మొదటి వారంలో నేర్పే పాఠం. అన్నేళ్ళ సర్వీసులో వెనక్కి తిరిగి చక్రం పట్టింది లేదు మరి.

"స్టార్‌బోర్డ్!"

అరిచింది సార్. కింద హారన్ల మోతలో కూడా స్పష్టంగా వినిపించింది. ఖాదర్ భాయ్ "యా అల్లా" అని లేచి నిలబడ్డాడు. మేడమ్ బియ్యం కడుగుతున్న చేతులతో పరిగెత్తుకొచ్చారు.

"నా పేరు చెప్పండి. ఒక్కసారి."

సార్ పెదవులు కదిలాయి. చాలాసేపు ప్రయత్నించారు. రాలేదు. మేడమ్ చేతులు కొంగుకు తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయారు. సంతోషించాలో ఏడవాలో నాకు తెలియలేదు.

తర్వాత కూడా వచ్చింది ఆ ఒక్క మాటే. అదీ నేను తప్పు చెప్పినప్పుడే. కావాలని చెప్తున్నానని కనిపెట్టి ఓసారి నా చేతి మీద ఒక్కటేశారు.

వానలు మొదలయ్యాయి. కొట్టులో ఎరువులకు రైతులు బారులు తీరారని తమ్ముడి ఫోన్. డ్యూటీ మేడమ్‌కు అప్పగించాను. పోర్ట్, స్టార్‌బోర్డ్, నేరుగా పొమ్మనే స్టెడీ, అన్నీ ఒక్క పూటలో నేర్చుకున్నారు. ఎటు కూర్చోబెట్టి అడిగినా తడబడలేదు.

వెళ్ళే రోజు సంచి భుజాన వేసుకుని గుమ్మం దగ్గర ఆగాను. నా కుర్చీలో మేడమ్. సార్ వేలు ఓడకు కుడి వైపు చూపింది.

"పోర్ట్ టెన్, సార్," అన్నారు మేడమ్.

"స్టార్‌బోర్డ్!"

"ఏంటండీ? వినపడలేదు."

"స్టార్‌బోర్డ్!"

ఖాదర్ భాయ్ తల వంచుకుని పాచికలు గుప్పిట్లో పట్టుకుని ఆగాడు. నేను వెళ్తున్నానని చెప్పకుండానే మెట్లు దిగాను.

సముద్రం మీద చాలా చూశాను. చాలా మరిచిపోయాను. ఇది మాత్రం పోదు: అట్ట ఓడకు ఎడమ పక్క ఆనించిన మేడమ్ వేలు, తియ్యకుండా, ఇంకోసారి తిట్టించుకోవడానికి.